తిరుగు బండి

మార్చి 3, సోమవారం

మళ్లీ వచ్చింది. మూడోసారి.

తొమ్మిదిన్నరకి గేటు ముందు ఆవిరి కక్కుతూ ఆగింది ఆ నల్ల కారు. ఇరవై ఆరేళ్ల బండి. అయినా దాని పక్కన ఇంకే బండి ఆగినా అద్దెకు తెచ్చుకున్నట్టు కనిపిస్తుంది. తోలు సీట్లు, చెక్క డాష్‌బోర్డు, తలుపు వేస్తే బీరువా మూసినంత గట్టి చప్పుడు. గ్లౌజులాయన దిగాడు. ఎండ మండిపోతున్నా తెల్ల గ్లౌజులు తీయడు. పెళ్లిళ్లకు ఈ కారు తిప్పడమే ఆయన బతుకు.

"నిన్న పెళ్లికూతురు వెనక కూర్చునుండగానే పొగలొచ్చాయయ్యా. పిల్ల దిగి మిగతా దారంతా నడిచింది. చెప్పులు చేత్తో పట్టుకుని." గొంతు పెంచలేదు. అరిచినా బాగుండేది.

మేస్త్రి బోనెట్టు ఎత్తాడు, చూశాడు, దించాడు. "హెడ్డు పోయినట్టుంది సార్. ఇంజను పనైపోయింది" అన్నాడు. పోయిన వేసవిలో రేడియేటరు పోయిందన్నాడు, మార్చాడు. నెల కిందట వాటర్ పంపు పోయిందన్నాడు, మార్చాడు. ఇప్పుడు హెడ్డు. ఇంకా మార్చడానికి మిగిలింది ఆ పెద్దమనిషి గ్లౌజులే.

"ముందు చక్రాల దగ్గర టకటకమంటోంది కూడా" అన్నాడాయన. "ఆదివారం ఇంకో ఊరేగింపు ఒప్పుకున్నాను. శనివారం నాలుగింటికి వస్తాను. బాగైతే తోలుకెళ్తా. లేదంటే తుక్కు యార్డు లారీ వస్తుంది, మాట్లాడేశాను."

నోరు మూసుకుని ఉండాల్సింది. ఉంటానా?

"హెడ్డు పోలేదు" అన్నాను, అందరూ వింటుండగా.

"లోపల దూరి చూశావా కందిరీగా?" అన్నాడు మేస్త్రి. పెయింటరు, ఎలక్ట్రీషియను నవ్వారు.

"మీరు మాత్రం దూరారా? ఎత్తారు, దించారు."

"సరే. తిరుగు బండి కదా. రూలు తెలుసుగా."

తెలుసు. తిరిగొచ్చిన బండిని మొదట చేసినవాళ్లు ముట్టుకోకూడదు. ఇంకొకరు విప్పాలి. ఏం దొరికితే అది, ఎవరు చేశారో వాళ్ల పేరుతో సహా, ఓనరు ముఖం మీద చెప్పాలి. ఈ రూలు పెట్టింది మేస్త్రే. ఇన్నాళ్లూ తల దించుకుంది మిగతావాళ్లు. ఇంజను పని ఆయన చేశాడు కాబట్టి అది నేను విప్పాలి. ముందు చక్రాల రబ్బరు బుష్షులు నవంబరులో నేను వేశాను కాబట్టి అవి ఆయన చూడాలి. చూసుకోమను.

"కారణం దొరికితే జాబ్ కార్డు మీద సంతకం నాది" అన్నాను. నాలుగేళ్లుగా ఈ షెడ్డులో బండ్లు నేను బాగుచేస్తున్నాను, సంతకం ఆయన పెడుతున్నాడు.

"దొరక్కపోతే?"

"దొరక్కపోతే ఏడాది పాటు బండ్లు కడుగుతాను. స్పానరు ముట్టుకోను."

ఎవరూ అడగలేదు. నేనే అన్నాను. అన్నాను కాబట్టి అంతే.

ఇంట్లో ఆయన పెదనాన్న, షెడ్డులో మేస్త్రి. నాకు కోపం వచ్చినప్పుడు రెండు చోట్లా మేస్త్రే. ఈ వారం మేస్త్రే.

మార్చి 4, మంగళవారం

హెడ్డు పోలేదు. ఇంజను మీది ఆ మూత పోతే ఆయిల్లోకి నీళ్లు దిగుతాయి. ఇంజను ఆయిలు తేనెలా ఉంది, నీళ్లు కలిస్తే పాలు పోసిన టీలా మారేది. కూలెంటు నీళ్లలో బుడగల్లేవు. సైలెన్సరులోంచి తెల్ల పొగ లేదు. పోలేదు, పోలేదు, పోలేదు.

మధ్యాహ్నం పెద్ద రోడ్డు మీదకి తీసుకెళ్లాను. నలభై నిమిషాలు గట్టిగా తోలాను. వేడి చూపించే సూది సగం దగ్గర కూర్చుంది, కదల్లేదు. వెనక్కొచ్చేటప్పుడు బడి వదిలారు, బస్సుల వెనక ఇరుక్కున్నాను. పది నిమిషాలు. సూది లేచింది. ఎర్ర గీత దాకా వచ్చేసరికి ఇంజను ఆపి దిగి నిలబడ్డాను. వెనక హారన్లు. కొట్టుకోండి.

పరుగెత్తితే చల్లగా ఉంటుంది, నిలబడితే మండుతుంది. ఊరేగింపులో పోయేది నడక వేగమే కదా! పరుగెత్తేటప్పుడు గాలి దానంతటదే వస్తుంది. నిలబడితే ఫ్యాను లాగాలి. అంటే నీళ్ల జబ్బు కాదు, గాలి జబ్బు. రేడియేటరూ పంపూ అనవసరంగా మార్చారు.

ఇంటికొస్తే అమ్మ మొదలుపెట్టింది. "పెదనాన్నని పట్టుకుని అందరిలో అలా అంటావా? నీ చేతికి స్పానరు ఇచ్చిందెవరు?"

ఎవరూ ఇవ్వలేదు. నేనే తీసుకున్నాను. చదువు ఆపేశాక రెండేళ్లు తుక్కు యార్డులో ఉన్నాను. చక్రాలు ఊడబెరికి ఇటుకల మీద నిలబెట్టిన బండ్లు, వరసగా. వాటిని విప్పాను, బిగించాను, మళ్లీ విప్పాను. అట్టలు లేని ఒక మాన్యువల్, అందులో అంకెల పట్టికలు. నాకు నేర్పిన మనిషి లేడు.

అమ్మకి ఇదంతా చెప్పలేదు. అన్నం తిని పడుకున్నాను.

మార్చి 5, బుధవారం

ఫ్యాను బాగానే తిరుగుతోంది. ఇంజను వేడెక్కితే నీళ్లకు దారి తెరిచే థర్మోస్టాటు వేడినీళ్లలో వేస్తే తెరుచుకుంటోంది. ఎవరైనా పలకరిస్తే కొట్టేలా ఉన్నాను.

మేస్త్రి నిన్న ముందు చక్రాల కింద దూరి టార్చి వేసి చూశాడట. ఏమీ అనలేదు. ఏం అంటాడు? బోల్టులు నేను బిగించాను. బిగువు కొలిచే టార్క్ రెంచితో, మాన్యువల్లో ఉన్న అంకెకి, ఒక్క గీత అటూ ఇటూ కాకుండా. ఆయనలా గోతిలోకి దిగి చేతి అంచనాతో బిగించలేదు. లిఫ్టంటే ఆయనకు భయం, ఒప్పుకోడు. నవంబరులో నేను బండిని లిఫ్టు ఎక్కించి పని చేస్తుంటే కింద నిలబడి "దించి బిగించవే" అన్నాడు. ఎందుకని అడిగితే "అలాగే బిగించాలి" అన్నాడు. అదీ సమాధానమే!

నేను కూడా టార్చి వేసి చూశాను. ముట్టుకోలేదు, చూశానంతే. చక్రాలను బండికి పట్టి ఉంచే ఆర్ముల చివర బుష్షుల రబ్బరు పగిలింది. పత్తికాయ విచ్చుకున్నట్టు. నాలుగు నెలలకే.

సరుకు నకిలీ. ఇంకేముంటుంది? బోల్టులు నేను సరిగ్గానే బిగించాను.

మార్చి 6, గురువారం

పొద్దున్నే స్పేర్‌పార్టుల షాపుకెళ్లాను. బట్టతలాయన కౌంటరు వెనక బల్బులు సర్దుతున్నాడు.

"మీరిచ్చిన బుష్షులు నాలుగు నెలల్లో చిరిగాయి."

"ఎలా బిగించావమ్మా?"

"ఎలా బిగించానో నాకు తెలుసు. మీరు ఎలాంటివి అమ్మారో చెప్పండి. పెట్టె మీద ఒకటి, లోపల ఇంకొకటా?"

"పాతికేళ్ల నుంచి ఇక్కడే ఉన్నాను తల్లీ. నకిలీది ఒక్కటి అమ్మలేదు."

"పాతికేళ్ల నుంచి ఎవరూ అడగలేదేమో."

షాపులో ఆరుగురున్నారు. అందరూ విన్నారు. ఒకాయన చేతిలో ఉన్న ఫిల్టరు కౌంటరు మీద పెట్టేసి వెళ్లిపోయాడు. వినాలి. వినడానికే అన్నాను.

మధ్యాహ్నం.

ఈ డైరీలో వెనక నాలుగు పేజీలు లేవు. ఎక్కడికెళ్లాయో రాస్తాను, ఎందుకంటే ఈ రోజు నా రోజు.

ఇంజను నడుస్తుండగా బండి ముందు కూర్చున్నాను. ఒక పేజీ చింపి రేడియేటరు ముఖం మధ్యలో పెట్టి వదిలాను. పడలేదు. ఫ్యాను లాక్కుని అతికించుకుంది. ఇంకోటి చింపి పైన ఎడమ మూల పెట్టాను. పడిపోయింది. కుడి మూల, పడింది. కింది మూల, పడింది. అంటే ఫ్యాను తన ఎదురుగా ఉన్న గుండ్రటి మేర మాత్రమే లాగుతోంది. మూలలన్నీ ఊరికే ఉన్నాయి. రేడియేటరు సగం పనిచేస్తోంది, సగం కూర్చుని చూస్తోంది.

ఫ్యాను చుట్టూ ఒక కవరు ఉండాలి. పలక లాంటి ప్లాస్టిక్కు, మధ్యలో పెద్ద గుండ్రటి కన్నం. అది ఉంటేనే ఫ్యాను రేడియేటరు మొత్తం మీంచి గాలి లాగుతుంది. బోనెట్టు కింద తలపెట్టి చూస్తే కవరు బిగించే చోట నాలుగు ఖాళీ కన్నాలు.

కవరు లేదు.

నోరు ఎండిపోయింది. నీళ్ల క్యాను దగ్గరకెళ్లి గ్లాసు పట్టాను. తల వంచాను. క్యాను కూర్చున్న నల్ల స్టాండు. పలక లాంటి ప్లాస్టిక్కు. మధ్యలో గుండ్రటి కన్నం. నాలుగు చెవులు, చెవికో బోల్టు కన్నం.

క్యాను ఒక్కసారిగా ఎత్తాను. సగం నీళ్లు పెయింటరు కాళ్ల మీద పడ్డాయి.

"ఏమే! పిచ్చెక్కిందా?"

"ఇది ఎక్కడిది?"

"స్టాండు కదే అది."

"స్టాండు నీ నెత్తి. ఎవరు తెచ్చిపెట్టారు?"

"మేస్త్రే. పోయినేడాది జనవరిలో. క్యాను సరిగ్గా సరిపోయిందని మురిసిపోయాడు కూడా."

పద్నాలుగు నెలలు. పద్నాలుగు నెలలుగా రోజూ ఆ కారు ఊపిరి మీద క్యాను పెట్టుకుని నీళ్లు తాగుతున్నాం. నేను కూడా. రోజుకు నాలుగు గ్లాసులు.

దొరికాడు.

శనివారం చెప్పబోయే మాట బస్సులో సిద్ధం చేసుకున్నాను. ఐదుసార్లు. పక్క సీటావిడ లేచి వేరే చోట కూర్చుంది.

మార్చి 7, శుక్రవారం

క్యాను నేల మీద ఉంది. మేస్త్రి గ్లాసు పట్టుకుని దాని ముందుకొచ్చి నిలబడ్డాడు. నీళ్లు పట్టుకోకుండా గ్లాసు బోర్లించి వెళ్లిపోయాడు. నేను చూడనట్టు రెంచి తుడుచుకున్నాను. సంతోషంగా ఉండాలి కదా. ఉన్నాను.

కవరు బిగించి ఇంజను తిప్పితే గరగరమని కింది అంచుకు ఫ్యాను రాసుకుంది. ఇంజను ఒక వేలెడు కిందికి కుంగింది. దాన్ని మోసే రబ్బరు మౌంటింగులు రెండూ అణిగిపోయాయి. ఇప్పుడు మొత్తం అర్థమైంది. పోయినేడాది కూడా ఇలాగే గరగరమని ఉంటుంది. మౌంటింగులు మార్చాల్సింది పోయి కవరు తీసేశాడు. చప్పుడు ఆగింది. తర్వాత పెడదామనుకుని ఉంటాడు. ఆయన నేర్చుకున్న కాలపు బండ్లకు ఈ కవరే లేదు, లేకపోతే ఏమవుతుందో ఆయనకు ఎలా తెలుస్తుంది?

అయినా తప్పు తప్పే.

ఈ మోడలుకు మౌంటింగులు ఒక్క చోటే దొరుకుతాయి. వెళ్లాను. బట్టతలాయన పై అరలోంచి రెండు పెట్టెలు తీసి ముందు పెట్టాడు. విప్పి మరీ చూపించాడు.

"నకిలీవేమో చూసుకో తల్లీ."

చూసుకోలేదు. తీసుకుని వచ్చేశాను.

మధ్యాహ్నం మూడింటికి మౌంటింగులు ఎక్కాయి. ఇంజను లేచింది. కవరు బిగించాను. నాలుగు మూలలా నాలుగు కాగితాలు పెట్టాను. నాలుగూ అతుక్కున్నాయి. ఒక్క పేజీ కూడా పడలేదు. గట్టిగా అరిచాను. ఎలక్ట్రీషియను షాకు కొట్టిందేమోనని పరుగెత్తుకొచ్చాడు.

అప్పుడు మేస్త్రి వచ్చి, "కొంచెం జరుగు, నా పని చూసుకోవాలి" అన్నాడు.

బండిని లిఫ్టు ఎక్కించాడు. తనే. బటన్లు చూడకుండా నొక్కాడు. భయం లేదు. ఎప్పుడూ లేదేమో.

చిరిగిన బుష్షు తీసి కొత్తది వేశాడు. చక్రాలు గాల్లో వేలాడుతుండగానే, నా టార్క్ రెంచి అడిగి తీసుకుని, నేను బిగించినట్టే బిగించాడు. జేబులోంచి సుద్దముక్క తీసి బోల్టు తల మీంచి రబ్బరు మీదుగా ఆర్ము దాకా ఒక నిలువు గీత గీశాడు. తిన్నని గీత.

"ఇప్పుడు చూస్తూ ఉండు."

దించాడు. చక్రాలు నేలను తాకాయి. బండి బరువు వాటి మీద పడింది, ఆర్ము పైకి లేచింది. బండిని గోతి మీదకి తోసి, కిందికి దిగి టార్చి వేశాను. గీత విరిగింది. బోల్టు తల మీది ముక్క ఒక వైపు చూస్తోంది, ఆర్ము మీది ముక్క ఇంకో వైపు. మధ్యలో రబ్బరు మీద గీత మెలిపడి సాగింది.

ఎవరూ వివరించలేదు. అవసరం లేదు. బోల్టు బిగిస్తే బుష్షు లోపలి గొట్టం కదలదు. రబ్బరు దానికీ ఆర్ముకీ అంటుకుని ఉంటుంది. గాల్లో బిగిస్తే, బండి నేల మీద ఊరికే నిలబడినా రబ్బరు పిండిన బట్టలా మెలిపడే ఉంటుంది. పగలూ రాత్రీ. దాని మీద గుంతలు, గడ్డలు. చిరగక ఏం చేస్తుంది? నేల మీద బరువుతో ఉండగా బిగిస్తే గీత తిన్నగా ఉండేది.

అంకె సరైనదే. ఒక్క గీత అటూ ఇటూ కాలేదు.

నేను నేర్చుకున్న బండ్లన్నీ ఇటుకల మీద నిలబడ్డవి. చక్రాలు లేనివి. బరువు మోయనివి. వాటిలో దేన్నీ నేను తోలలేదు.

"ఇది మంగళవారమే తెలుసు కదా" అన్నాను గోతిలోంచే. పైకి రాబుద్ధి కాలేదు.

"తెలుసు."

"నవంబరులోనే ఎందుకో చెప్పి ఉంటే దించేదాన్ని కదా."

"ఎందుకో నాకూ తెలీదే. మా మేస్త్రి దించి బిగించమన్నాడు, ముప్పై ఏళ్లుగా దించి బిగిస్తున్నా. నువ్వు ఎందుకని అడిగితే చెప్పలేక ఊరుకున్నా. ఈ సుద్ద గీత మొన్న రాత్రి తట్టింది."

"రేపు ఓనరు ముందు చెప్పేవారు కదా. ఈ రోజే ఎందుకు చూపించారు?"

"రేపటిదాకా ఆగితే, రేపు పొద్దున్న ఇంకో బండికి ఇలాగే బిగిస్తావు."

మిగతా చిరిగినవి కూడా మార్చి, అన్నీ బరువు మీదే మళ్లీ బిగించాడు.

నవంబరు నుంచి నేను గాల్లో బిగించిన బండ్లు: డాక్టరమ్మ తెల్ల కారు. బేకరీ వ్యాను. ఎలక్ట్రీషియను బావమరిది కారు. ఆకుపచ్చ జీపు. నాలుగు. నలుగురికీ సోమవారం నేనే ఫోను చేస్తాను. నేను ముట్టుకోకూడదు, ఆయనే విప్పాలి. నన్ను నిలబెట్టి నలుగురి ముందూ చెప్పాలి. చెప్పనివ్వు.

షాపులో ఆరుగురు విన్నారు.

మార్చి 8, శనివారం

షాపు తెరిచేసరికి వెళ్లాను. బట్టతలాయన ఒక్కడే ఉన్నాడు.

"ఏం కావాలి?"

"ఏమీ వద్దు. కూర్చుంటాను."

స్టూలు మీద కూర్చున్నాను. ఒకరొచ్చారు. ఇద్దరయ్యారు. ఒకరు వెళ్లిపోయారు. ఆయన మధ్యమధ్యలో నా వైపు చూస్తున్నాడు. నలుగురయ్యారు, ముగ్గురయ్యారు. గంటంబావు పట్టింది ఆరుగురు కావడానికి. లేచి నిలబడి, గురువారం ఎంత గట్టిగా అన్నానో అంత గట్టిగానే అన్నాను. "ఈయన సరుకు అసలుదే. బుష్షులు చిరిగింది నేను తప్పుగా బిగించడం వల్ల. ఈయన ఎలా బిగించావని అడిగాడు కూడా, నేనే వినలేదు. క్షమించండి."

ఆరుగురికీ ఏమీ అర్థం కాలేదు. ఒకావిడ వైపరు బ్లేడు పట్టుకుని అలాగే ఉండిపోయింది. ఎవరికోసం చెప్పానో ఆయనకు అర్థమైంది.

"టీ తాగుతావా?"

"పనుంది."

"పొగరు మాత్రం తగ్గలేదు" అన్నాడు. నవ్వాడనుకుంటాను. నేను అప్పటికే మెట్లు దిగుతున్నాను.

పదకొండింటి నుంచి పరీక్ష. షెడ్డు వెనక సందులో ఊరేగింపు నడిపాం. పెయింటరు ముందు నడిచాడు, పెళ్లికొడుకు తరఫు మనిషిలా చేతులు ఊపుతూ. ఎలక్ట్రీషియను వెనక సీట్లో తలమీద తుడుచుకునే గుడ్డ కప్పుకుని సిగ్గుపడ్డాడు. నేను స్టీరింగు. నడక వేగం, నడినెత్తిన ఎండ, నలభై నిమిషాలు. సూది సగం దగ్గర ఆగింది. సందు చివర స్పీడ్ బ్రేకరు గడ్డ మీంచి ఆరుసార్లు ఎక్కించి దించాను. ఎలక్ట్రీషియను కిచకిచ తప్ప ఏ చప్పుడూ లేదు.

నాలుగింటికి గ్లౌజులాయన వచ్చాడు. వెనకే తుక్కు యార్డు లారీ. నా పాత యజమాని కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"ఏమే, నా బండి రెడీనా?"

"నీ బండి కాదు. లారీ తిప్పుకో."

అందరూ చుట్టూ చేరారు. రూలు ప్రకారం ముందు నేను.

"మీ బండికి ఫ్యాను కవరు లేదు. తీసేసింది మేస్త్రి. పద్నాలుగు నెలలుగా దాని మీద క్యాను పెట్టుకుని నీళ్లు తాగాం. రేడియేటరు, పంపు మార్చక్కర్లేదు. హెడ్డు పోలేదు." బస్సులో అనుకున్న మాటే. ఒక్క ముక్క తగ్గించలేదు. అనుకున్నంత రుచిగా మాత్రం లేదు.

మేస్త్రి చేతులు తుడుచుకున్నాడు.

"ముందు బుష్షులు చిరిగాయి సార్. గాల్లో బిగించారు. బిగించింది మా అమ్మాయి."

ఆయన కూడా తగ్గించలేదు. మా అమ్మాయి అన్నాడు.

గ్లౌజులాయన ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. కుడి చేతి గ్లౌజు వేలు వేలు లాగి తీశాడు. ఆ చెయ్యి నేను ఎప్పుడూ చూడలేదు. ఇంజను నడుస్తుండగా బోనెట్టు మీద పెట్టి కాసేపు ఉంచాడు.

"ఇద్దరూ కలిసి నా పరువు తీశారు" అన్నాడు. తర్వాత నాతో, "రేపు నువ్వు ముందు సీట్లో కూర్చో. పొగొస్తే దిగి నడిచేది పెళ్లికూతురు కాదు, నువ్వు."

"పొగ రాదు."

"చెప్పులు మాత్రం గట్టివి వేసుకుని రా."

లారీ ఖాళీగా వెనక్కి తిరిగింది.

కార్డు మీద సంతకానికి ఒక్క గీతే ఉంది. పెట్టాను. రెండు తప్పులూ, ఎవరు చేశారో పేర్లతో సహా, రాసి పెట్టాను.

బయల్దేరుతూ చూస్తే పెదనాన్న ఒక్కడే కూర్చుని ఇనుప కడ్డీలు అతికిస్తున్నాడు. క్యానుకి స్టాండు.

"ఇది ఏ బండిదీ కాదు. కావాలంటే వచ్చి చూసుకో" అన్నాడు.

వెళ్లి చూశాను. నాలుగు కాళ్లూ పట్టుకుని ఊపాను. "ఒక కాలు పొట్టి" అన్నాను. నిజంగానే పొట్టి. తిట్టుకుంటూ మళ్లీ కోశాడు.

మార్చి 9, ఆదివారం

ముందు సీటు. గట్టి చెప్పులు. గంటా ఇరవై నిమిషాలు నడక వేగంతో. మొదటి అరగంట సూది తప్ప ఇంకేమీ చూడలేదు. గ్లౌజులాయన "కళ్లార్పు" అన్నాడు. గడ్డ వచ్చిన ప్రతిసారీ ఊపిరి బిగబట్టి విన్నాను. తొమ్మిది గడ్డలు. టక్ అనలేదు.

పదో గడ్డ దాటాక వెనక్కి తిరిగి చూశాను. అంత బాజాల్లో, అంత ఎండలో, పెళ్లికూతురు తల సీటుకు ఆనించి నోరు తెరిచి నిద్రపోతోంది. చెప్పులు కాళ్లకే ఉన్నాయి.